ఎప్పటి వరకు అనే గడి

"బావా, ఒక వెబ్‌సైట్ చెయ్యడానికి ఎంత కాలం పడుతుంది?"

మా అన్నయ్య ఈ మాట అడిగింది మా ముందు గదిలో, నేల మీద మోకాళ్ళూని, మంచం హ్యాండిల్ తిప్పుతూ. అప్పుడే వ్యాన్‌లోంచి దించిన ఆస్పత్రి మంచం అది, అన్నయ్య షాపులోదే. తల వైపు ఎత్తడానికి ఒక హ్యాండిల్, కాళ్ళ వైపు ఎత్తడానికి ఇంకొకటి. దాని మీద పడుకున్న మా అత్తయ్య, కిటికీలోంచి వీధి కనిపించేదాకా "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, చాలు నాయనా" అంటూ మెల్లగా పైకి లేచింది. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి.

మా ఆయన గోడకి చేరబడి నిలబడ్డాడు. పొద్దున డాక్టరు చెప్పింది విన్న దగ్గర్నుంచి ఆయనకి ఉలుకూ పలుకూ లేదు. అత్తయ్యకి ఊపిరితిత్తుల్లో మొదలైంది ఎముకల్లోకి పాకిందట. ఇంక ఆస్పత్రిలో చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి, నొప్పి తెలియకుండా చూసుకోండి అన్నాడు డాక్టరు. అసలే తను పని చేసే వెబ్‌సైట్ల కంపెనీ మూతపడి మా ఆయన నెలల తరబడి ఇంట్లో కూర్చుని ఉన్నాడు. దాని మీద ఇది.

పని మాట చెవిన పడేసరికి గొంతు పెగిలింది. "చిన్నదైతే రెండు వారాలు," అన్నాడు.

"అయితే నాకొకటి చేసిపెట్టు బావా. ఇప్పుడందరూ ఫోన్లోనే చూసుకుంటున్నారు. మెయిన్ రోడ్డు మీద కొత్తగా షాపు పెట్టినవాడికి వెబ్‌సైట్ ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. ఈ ఎండాకాలం కూడా ఇలాగే పోతే షట్టర్ దించుకోవడమే."

మంచం మీంచి అత్తయ్య అందుకుంది. "రెండు వారాలేనా? అయితే అది చూసే పోతానురా. అప్పటిదాకా పైవాణ్ణి లైన్లో ఉండమంటాను."

ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే గడిచింది. ఎవరెవరివో గొంతులు ఒకదానితో ఒకటి కలిపి పంపడమే పని. రిటైరై ఇన్నేళ్ళయినా ఇంట్లో కూడా "లైన్లో ఉండు", "లైను బిజీ", "కలిపాను మాట్లాడుకోండి" తప్ప మాట్లాడేది కాదు. అందుకని అందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వాడు. ఎన్నో రోజుల తర్వాత ఆ మొహంలో నవ్వు చూసి నా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ అన్నమాట ఆయన లోపల ఎక్కడ దిగబడిందో ఆ వేళ నాకు తెలియలేదు.

మా అన్నయ్య షాపు గురించి ఒక సంగతి చెప్పాలి. రోగులకి మంచాలు, చక్రాల కుర్చీలు, వాకర్లు, ఆక్సిజన్ మిషన్లు అద్దెకిస్తాడు. అద్దెకిచ్చే ఏ షాపువాడైనా ముందు అడిగే ప్రశ్న "ఎన్నాళ్ళకి కావాలి?" అన్నదే కదా. మా అన్నయ్య అది ఒక్కటీ అడగడు. మంచం రెండు కారణాల వల్లే తిరిగొస్తుంది. మనిషి లేచి తిరుగుతున్నందుకన్నా రావాలి, లేకపోతే ఇంకోదానికన్నా రావాలి. "వచ్చి తీసుకెళ్ళండి" అని ఫోనొస్తే "సరేనండీ, వస్తున్నాం" అని పెట్టేస్తాడు. ఎందుకు అని అడగడు. షాపులో పని చేసేవాళ్ళకి కూడా మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. మంచం తీసుకురావడానికి వెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళ మొహాలు చూడకూడదు, మంచం మాత్రమే చూడాలి.

మా ఇంటికి వచ్చిన మంచానికి కూడా అంతే. హ్యాండిల్ దగ్గర కిర్రుమంటుంటే కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, దుమ్ము దులుపుకుని, "వస్తా అమ్మడూ" అని వెళ్ళిపోయాడు.

*

మొదట్లో బాగానే నడిచింది. నేను మందుల షాపులో కౌంటర్ దగ్గర పని చేస్తాను. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాటాక వచ్చేదాన్ని. వచ్చేసరికి మంచం పక్కన చిన్న బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు మా ఆయన, వెనకనుంచి సలహాలిస్తూ అత్తయ్య. ఆక్సిజన్ మిషను ఒక మూల గుర్రుగుర్రుమంటూ ఉండేది.

"ఆ రంగేమిట్రా, జబ్బు మనిషి మొహంలా! మార్చు."

"సరేనమ్మా."

"ఫోన్ నంబరు చీమంత రాశావేం? కంగారులో ఉన్నవాడికి కళ్ళు కనిపిస్తాయా? పెద్దది చెయ్యి."

"సరేనమ్మా."

"ఇంత వినయం నా పెళ్ళైనప్పటి నుంచీ చూడలేదు నేను," అని నేను ఎత్తిపొడిస్తే, "నువ్వు కూడా మంచం ఎక్కు, నీకూ చూపిస్తాడు" అనేది అత్తయ్య. అలాంటి మాటలు ఆవిడే అనగలదు. మా ఆయన వీపు ఒక్క క్షణం బిగుసుకుని, మళ్ళీ వేళ్ళు కదిలేవి.

రెండు వారాలు దాటాయి. అన్నయ్య ఫోన్ చేశాడు. "అయిపోవచ్చింది బావా, ఒక్క గడి దగ్గర ఆగింది" అన్నాడు మా ఆయన.

ఆ గడి ఏమిటో నాకు కంప్యూటర్లో చూపించాడు. మంచం కావలసినవాళ్ళు పేరు, అడ్రసు, ఫోన్ నంబరు నింపాలి. ఆ కింద "ఎప్పటి నుంచి" అని ఒక గడి. దాని పక్కన "ఎప్పటి వరకు" అని ఇంకో గడి.

"ఈ రెండోది ఉంటేనే ఏ మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందో లెక్క తెలుస్తుంది. మీ అన్నయ్యేమో అడక్కూడదంటాడు. అడక్కపోతే లెక్క రాదు. అడిగితే..." అని ఆగిపోయాడు. మంచం వైపు చూడలేదు. నేను కూడా చూడలేదు.

"తీసెయ్యండి మరి."

"తీసేస్తే మిగతాదంతా మళ్ళీ మొదట్నుంచి రాయాలి."

నాకు వాటి సంగతి ఏం తెలుసు? నిజమే కాబోలనుకున్నాను. అప్పటికి నా తలలో వేరే లెక్కలు తిరుగుతున్నాయి. అత్తయ్య నొప్పి మాత్ర పొద్దునొకటి రాత్రొకటి ఉండేది కాస్తా పూటపూటకీ అయింది. తర్వాత మాత్ర పోయి ఒంటికి అతికించే మందు పట్టీ వచ్చింది. తర్వాత పట్టీ సైజు పెరిగింది. ఆ పట్టీలు నా చేతుల మీదుగా ఎంతోమందికి అమ్ముతాను. ఏ సైజు తర్వాత ఏ సైజు వస్తుందో, ఆఖరి సైజు ఏదో నాకు తెలుసు. తెలిసి ఊరుకోవడం ఎంత కష్టమో ఆ ఎండాకాలంలోనే తెలిసింది.

అత్తయ్య సలహాలివ్వడం తగ్గించింది. కళ్ళు మూసుకుని పడుకుని, మధ్యమధ్యలో ఒకటే అడిగేది. "అయిందిరా?"

"అయిపోవచ్చిందమ్మా."

ఆవిడ తల ఊపేది. ఇంకాసేపు ఓర్చుకోవడానికి ఒప్పుకున్నట్టుండేది ఆ ఊపు. కాలు కదిపితే ఏడుపు వచ్చేది ఆవిడకి. పళ్ళ బిగువున ఆపుకునేది. పక్క దుప్పటి మార్చాలంటే నేనూ మా ఆయనా చెరోవైపు నిలబడి, ఆవిడని ఒత్తిగిలించి, దుప్పటి లాగేసరికి ముగ్గురికీ చెమటలు పట్టేవి. అయిపోయాక ఆయన చెయ్యి కడుక్కుని మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చునేవాడు. ఇల్లు తగలబడుతున్నా లేవడేమో అనిపించి నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ వెబ్‌సైటే ఈయన్ని బతికిస్తోందని మళ్ళీ నేనే సర్దుకునేదాన్ని.

*

ఎండలు బాగా ముదిరాక ఒక మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చున్నాడు. మొహం చూస్తే నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది అన్నయ్యా? వదినకి బాగుందా?"

"బావని పిలువు."

మా ఆయన వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. అన్నయ్య తల దించుకుని చెప్పుకొచ్చాడు.

ఎదురు చూసి చూసి, ఇక లాభం లేదని, మాకు చెప్పకుండా వేరేవాళ్ళతో ఒక వెబ్‌సైట్ చేయించాడట. ఒక్క పూటలో అయిపోయిందట. ఎలా అయిందంటే, లాడ్జి గదుల కోసం తయారుగా ఉన్నదాన్ని తెచ్చి, గది బొమ్మ ఉన్నచోట మంచం బొమ్మ పెట్టారు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్న గడులు అలాగే ఉండిపోయాయి. ఫోన్లయితే మోగడం మొదలైంది. అన్నయ్య సంబరంలో మిగతాదేమీ చదవలేదు.

ఒకావిడ వాళ్ళ నాన్నకని మంచం తీసుకుంది. ఎప్పటి వరకు అన్నచోట ఏదో ఒక తేదీ వెయ్యకపోతే ముందుకి కదలదు కాబట్టి ఏదో వేసింది. ఆ తేదీకి ముందు రోజు వెబ్‌సైట్ దానంతటదే ఆవిడ ఫోనుకి ఒక మెసేజ్ పంపింది. ఆ సమయానికి ఫోను వాళ్ళ నాన్న చేతిలో ఉంది. మనవళ్ళ ఫొటోలు చూసుకుంటున్నాడట.

"ఏముంది మెసేజ్‌లో?" అన్నాను నేను.

"మీ గడువు రేపటితో ముగుస్తోంది. దయచేసి ఖాళీ చెయ్యండి. మీతో గడపడం మాకు ఆనందంగా ఉంది," అన్నాడు అన్నయ్య. "ఆయన గట్టిగా చదివి వినిపించాడట, అమ్మడూ. ఆవిడ షాపుకొచ్చింది. తిడుతుందేమో అనుకున్నా. తిట్టినా బాగుండేది. ఫోను నా ముందు పెట్టి, నేను చదివేదాకా నిలబడి, వెళ్ళిపోయింది."

లోపల మిషను గుర్రుమంటోంది.

"అది తీసేయించాను. ఇప్పుడు అదీ లేదు, ఇదీ లేదు. ఊళ్ళో ఈ మాట పాకిపోయింది. బావా, నీకు దండం పెడతా. నీది ఎలా ఉంటే అలా ఇచ్చెయ్యి. నువ్వు చేసింది అలా ఉండదని నాకు తెలుసు."

"ఇంకా కాలేదు బావా," అన్నాడు మా ఆయన.

"ఏం మిగిలింది?"

"ఆ గడి."

"గడి తీసెయ్. నాకు ఏ లెక్కా వద్దు. ఏ మంచం ఎక్కడుందో నా బుర్రలో ఉంటుంది."

మా ఆయన నీళ్ళు నమిలాడు. "ఇంకొన్నాళ్ళు ఆగు."

"ఇంకొన్నాళ్ళకి షాపే ఉండదు! అప్పుడిస్తావా? దేనికి, గుర్తుగా దాచుకోవడానికా?"

మా అన్నయ్య గొంతు అంత ఎత్తున లేవడం నేను ఎప్పుడూ వినలేదు. నోట్లో నాలుక లేని మనిషి అని మా అమ్మ బాధపడుతుండేది. అన్నయ్య లేచి, చెప్పులేసుకుని, రెండడుగులు వేసి ఆగాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, అత్తయ్యని పలకరించి, హ్యాండిల్ ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, కిర్రుమనడం లేదని తెలుసుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

నాకు కట్టలు తెగిన కోపం. అన్నయ్య మీదా ఆయన మీదా కాదు, ఎవరి మీదో తెలియని కోపం. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ ఒకసారి తోమినవే మళ్ళీ తోమాను.

*

మర్నాడు సెలవు పెట్టాను. మా ఆయన స్నానానికి వెళ్ళాడు. అత్తయ్య ఒళ్ళు తడిగుడ్డతో తుడుస్తున్నాను. చెయ్యి ఎత్తితే చేతిలో బరువు లేదు. చర్మం కింద ఎముక నా వేళ్ళకి తగులుతోంది.

"అమ్మాయ్," అంది. "నిన్న మీ అన్నయ్య మెట్ల మీద అన్నవన్నీ వినిపించాయి."

"పట్టించుకోకండి అత్తయ్యా. వాళ్ళిద్దరూ..."

"వాడిది అయిపోయింది."

"ఏది?"

"ఆ వెబ్‌సైటు. ఎప్పుడో అయిపోయింది."

నేను గుడ్డ పిండడం ఆపాను.

"ఎన్నేళ్ళు చెవులతో బతికాను నేను? కళ్ళు మూసుకుంటే నిద్రపోతున్నాననుకుంటాడు వాడు. రాసేటప్పుడు టకటకమని వేళ్ళన్నీ పడతాయి. చెరిపేటప్పుడు ఒకటే వేలు, ఒకటే చోట, నొక్కి పట్టుకుంటాడు. చప్పుడే ఉండదు. పొద్దున రాస్తాడు. మధ్యాహ్నం దాటి నువ్వు వచ్చే వేళకి చెరుపుతాడు. మర్నాడు మళ్ళీ అవే రాస్తాడు. ఒకటే చప్పుడు అమ్మాయ్, పాటలాగా నాకు వచ్చేసింది."

నేను నమ్మలేదు. నమ్మలేదని మొహం మీదే చెప్పాను. "మా అన్నయ్య షాపు మునిగిపోతుంటే చూస్తూ చూస్తూ అలా ఎందుకు చేస్తారు?"

అత్తయ్య నా వంక చూసింది. ఇంత తెలివితక్కువదాన్ని ఎందుకు కోడలిగా తెచ్చుకున్నానా అన్నట్టు.

"అది చూసే పోతాను అన్నాను కదా," అంది.

నా చేతిలోని గుడ్డలోంచి నీళ్ళు మంచం మీద కారిపోయాయి. అవి తుడిచే ఓపిక కూడా నాకు లేకపోయింది.

"సరదాకి అన్నానమ్మా. వాడు నిజమనుకున్నాడు. వాడు నిజమనుకున్నాక నేను కూడా... ఏం చెప్పను, నేను కూడా పట్టుకుని వేలాడుతున్నాను. కళ్ళు మూతలు పడబోతే, ఇంకా అవ్వలేదే, వాడికి మాటిచ్చానే అనిపిస్తుంది. తెరుస్తాను. తెరిస్తే నొప్పి." ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు జారాయి. ఆ ఎండాకాలంలో ఆవిడ ఏడవడం అదే మొదటిసారి నేను చూడడం. "నన్ను ఇంకెంతకాలం లైన్లో పెడతాడు? నా వల్ల కావడం లేదు. వాడికి నేను చెప్పలేను, తల్లిని. నువ్వు చెప్పు."

"నేనా?"

"ఇంకెవరున్నారు నాకు?"

*

డాబా మీద తడి దుప్పట్లు ఆరేస్తుంటే ఆయన పైకి వచ్చాడు. ఒక కొస నేను, ఒక కొస ఆయన పట్టుకుని పిండుతున్నాం. ఎలా మొదలుపెట్టాలో పొద్దున్నుంచీ కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"అది అయిపోయిందట కదా," అన్నాను.

"ఏది?"

"మీకు తెలుసు ఏదో."

"కాలేదు. ఆ గడి..."

"ఆ గడి తీసేశారు. ఎప్పుడో తీసేశారు. తీసేసి మళ్ళీ పెడుతున్నారు. అత్తయ్య మంచం మీంచి అన్నీ వింటోంది."

దుప్పటి ఆయన వైపు జారిపోయింది. నేల మీద పడింది. మళ్ళీ ఉతకాలి అనుకున్నాను, అలాంటప్పుడు కూడా బుర్ర అలాంటివే అనుకుంటుంది.

"అమ్మ ఏమంది?"

"నా వల్ల కావడం లేదు అంది."

ఆయన పిట్టగోడ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతున్నారు. నేను ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాను. "మీకు అమ్మ కావాలి. సరే. నాకు మాత్రం అక్కర్లేదా? నా సొంత అమ్మ కంటే ఎక్కువ ఆవిడ నాకు. కానీ రోజూ ఒళ్ళు తుడిచేది నేను. ఆ నొప్పి నా చేతులకి తెలుస్తోంది. మీరు కంప్యూటరు వైపు తిరిగి కూర్చుంటున్నారు, మీకు తెలియడం లేదు."

"తెలుసు," అన్నాడు.

"తెలిసే..."

"తెలిసే. రోజూ పొద్దున ఇవాళ ఇచ్చేద్దాం అనుకుంటాను. సాయంత్రం అయ్యేసరికి చెయ్యి రాదు. మీ అన్నయ్య మొహం చూశావుగా నిన్న. ఆ మొహం చూసి కూడా రాలేదు." పిట్టగోడ మీద అరచేత్తో కొట్టాడు. "ఇంకో రెండు రోజులు, ఇంకో రెండు రోజులు అని... ఎంత దుర్మార్గుణ్ణి నేను!"

నేను వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. తడి చేతులు, ఆయన చొక్కా తడిసింది. అలాగే నిలబడ్డాం. తర్వాత ఆయన దుప్పటి తీసి, దులిపి, ఒక్కడే తీగ మీద వేసి కిందికి వెళ్ళాడు.

నేను వెనకాలే వెళ్ళేసరికి మంచం దగ్గర వంగి ఉన్నాడు.

"అమ్మా, అయింది. చూస్తావా?"

అత్తయ్య కళ్ళు తెరిచింది. ఆయన నేల మీద కూర్చుని హ్యాండిల్ తిప్పాడు. "ఇంకొంచెం" అనలేదు ఆవిడ. ఆయనే చూసుకుని ఆపాడు. కంప్యూటరు తెచ్చి ఒళ్ళో పెడితే బరువు మోయలేదని తన చేతుల మీదే పట్టుకున్నాడు.

చాలాసేపు చూసింది. రంగు ఆవిడ చెప్పిందే. ఫోన్ నంబరు ఆవిడ చెప్పినంత పెద్దది. పేరు, అడ్రసు, ఎప్పటి నుంచి. అక్కడితో అయిపోయింది.

"ఎప్పటి వరకు అని అడగలేదే?"

"లేదమ్మా."

"మరి మంచం అక్కర్లేదని ఎలా తెలుస్తుంది?"

"కింద చూడు. ఇంకో మీట ఉంది. అది నొక్కితే చాలు."

వచ్చి తీసుకెళ్ళండి, అని రాసి ఉంది దాని మీద. అంతే. ఎందుకు అని అడిగే చోటే లేదు. బాగుందా అని అడగలేదు, మళ్ళీ రండి అనలేదు.

అత్తయ్య ఊపిరి కూడదీసుకుంది. "నంబరు ఇంకొంచెం పెద్దదైతే..."

"చేస్తానమ్మా!" ఆయన గొంతులో ఆశ నాకు గుచ్చుకుంది. "రేపటికల్లా చేస్తాను. ఎంతసేపు..."

"వద్దులే. బాగుంది. ఇంక ముట్టుకోకు."

ఆయన తల ఊపాడు. అందరికీ కనిపించేలా పంపడానికి ఏది నొక్కాలో అడిగి, ఆవిడే వేలు చాపింది. ఆయన పట్టుకోబోతే వద్దంది. తనొక్కతే నొక్కింది.

"కలిపాను," అంది. "మాట్లాడుకోండి."

ఆయన గది బయటికి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేశాడు. "బావా, అయింది" అని మాత్రం అన్నట్టు వినిపించింది. అవతల అన్నయ్య ఏమన్నాడో తెలియదు. ఈయన మాత్రం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

*

అత్తయ్య వెంటనే పోలేదు. ఆ రాత్రి సుఖంగా నిద్రపోయింది, మర్నాడు రెండు చెంచాల జావ కూడా తాగింది. మా ఆయన ఆ రెండు చెంచాలు చూసి ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. కానీ ఆవిడ ఆ తర్వాత "అయిందా" అని అడగలేదు. అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆయన కంప్యూటరు బల్ల అవతలికి జరిపి, ఆ కుర్చీలోనే, ఈసారి మంచం వైపు తిరిగి కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ తన ఎక్స్ఛేంజి కబుర్లు ముక్కలు ముక్కలుగా చెప్పేది, ఈయన ఊ కొట్టేవాడు. ఎండాకాలం మొత్తంలో వాళ్ళిద్దరూ నిజంగా కలిసి ఉన్నది ఆ కొద్ది రోజులే.

ఒక మధ్యాహ్నం నేను మందుల షాపు నుంచి కొత్త పట్టీలు తీసుకుని వచ్చేసరికి ఆయన అదే కుర్చీలో, అదే చెయ్యి పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, "ఇప్పుడే" అన్నాడు. పట్టీలు నా చేతిలోనే ఉండిపోయాయి.

మనుషులు వచ్చారు, వెళ్ళారు. అన్నయ్య అన్ని పనులూ తన మీదే వేసుకుని నడిపించాడు. అంతా అయిపోయి, ఇల్లు ఖాళీ అయ్యాక, ముందు గదిలో మేం ముగ్గురం మిగిలాం. మంచం కిటికీ పక్కన అలాగే ఉంది. తల వైపు ఎత్తి ఉంది, వీధి కనిపించేంత ఎత్తు. దాన్ని దించడం ఎవరికీ చేత కాలేదు.

మా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి కంప్యూటరు తెరిచాడు. ఆ పరిస్థితిలో ఏం పని అని నాకు భయం వేసింది. ఆపాలనుకున్నాను. మా అన్నయ్య వెబ్‌సైట్‌లో అడ్రసు టైపు చేశాడాయన. మా అడ్రసే. తర్వాత కింద ఉన్న మీట మీద వేలు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. నొక్కాడు.

నాలుగడుగుల దూరంలో కూర్చున్న అన్నయ్య జేబులో ఫోను మోగింది.

తీసి చూశాడు. మొహం కొంచెం కూడా మారలేదు. ఇక్కడే ఉన్నాను కదా బావా, నోటితో చెప్పచ్చుగా, అని ఎవరైనా అంటారు. మా అన్నయ్య అనలేదు. లేచి, మా ఇద్దరి వంకా చూడకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు.

కాసేపటికి వ్యాన్ వచ్చి ఆగిన చప్పుడైంది. మెట్లెక్కి వస్తున్న అడుగులు. తలుపు తీసే ఉంది. అయినా అన్నయ్య బయటే నిలబడి, రెండుసార్లు తట్టాడు.

"మంచం కోసం వచ్చామండీ," అన్నాడు.

"రండి," అన్నాడు మా ఆయన.

అన్నయ్య మంచం మాత్రమే చూస్తూ లోపలికి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని హ్యాండిల్ తిప్పాడు. తల వైపు మెల్లగా కిందికి దిగింది. మా ఆయన వెళ్ళి కాళ్ళ వైపు పట్టుకున్నాడు.